బిచ్చయ్య మంచుకొండ జారిన వైనం

కోతకు ఎవరికైనా కొడవలి కావాలె. తాండూరు బిచ్చయ్యకు ఒక చాయ, ఇద్దరు మనుషులు ఉంటే చాలు. ఆ ఇద్దర్ల ఒకడు కొత్తోడైతే ఇంక చెప్పేదే లేదు. మొగులప్ప చాయ హోటల్ల బెంచి మీద చతికిలవడ్డడంటే పన్నెండు గంటల మోటరు వచ్చి పోయేదాక లేవడు. నూరు గొర్ల మందను బిచ్చయ్యకు వాళ్ల నాయన ఇచ్చిండుగని నోరు మాత్రం దేవుడే స్వయంగ ఇచ్చిండని మొగులప్ప అంటుంటడు.

ఆ పొద్దు మాత్రం ఆ నోరు మూసుకొని ఉండాలె. కొడంగల్ దిక్కుకెల్లి బీరన్న వచ్చిండు, పిల్లనడగనీకి. ఆయన కొడుకు మల్లప్పకు బిచ్చయ్య బిడ్డ శంకరమ్మను చేసుకోవాలని మాట నడుస్తున్నది. శంకరమ్మ అప్పటికే రెండు సంబంధాలు వద్దన్నది. ఒకదానికైతే మూడు దినాలు అన్నం మానేసి మరీ వద్దన్నది. మల్లప్ప పేరు చెప్తే మాత్రం ఏమనకుంట చీపురు అందుకొని వాకిలి ఊడ్వవట్టింది, అప్పుడే ఊడ్చిన వాకిలిని. కొడంగల్ గొర్ల అంగట్ల పోయినేడు ఆ పిల్లగాన్ని చూసిందని తల్లి బుగ్గమ్మకు అప్పుడర్థమైంది.

వాళ్ల కురుమోళ్లల్ల మాట ఖాయమైందంటే ఇద్దరు తండ్రులు ఎదురెదురు కూసొని కల్లు తాగాలె. చాయ తాగితే అది ఉత్త పలకరింపు, దానికి లెక్క లేదు. బీరన్న ఇంటి పద్ధతేందంటే, మనసు కుదిరినంకనే పిల్ల ఇంటి గడప తొక్కుతరు. గడప తొక్కి కల్లు ముట్టకుంట పోతే పిల్లకు మాటొస్తదని వాళ్ల భయం. అందుకే ఆయన మోటరు దిగి సీదా చాయ హోటల్ల కూసున్నడు. బిచ్చయ్య ఇంట్ల కల్లు ముంత తయారుగ ఉన్నది. ముంత ఇప్పుతరా లేదా అనేది ఈ బెంచి మీద తేలాలె.

ఇదంత తెల్సి బుగ్గమ్మ తెల్లారంగనే యోబు ఇంటికి పోయింది. యోబు ఇప్పుడు నాపరాళ్ల గనిల మేస్త్రి. అంతకుముందు వికారాబాదుల మిషను దవాఖానల పని చేసిండు, అక్కడ బట్ట మీద బొమ్మలు చూపెట్టే లాంతరు తిప్పేటోడు. అందుకే అందరు లాంతరు యోబు అంటరు. లోకంల ఏ దేశం యాడున్నది, సముద్రం ఎంత లోతు, రైలు కనిపెట్టింది ఎవరు, ఏ పంచాయితీ వచ్చినా యోబునే అడుగుతరు. బుగ్గమ్మ ఆయనకు ఒక్కటే చెప్పింది. "యోబన్నా, మా ఆయన పక్కనే కూసో. కోత మొదలువెడ్తే తొడ మీద గిచ్చు. రక్తమొచ్చినా నేనేమనుకోను."

యోబు పక్కనే కూసున్నడు. మొదట అర్ధగంట మంచిగనే నడిచింది. వానలు, గొర్ల రోగాలు, కంది పంట. బిచ్చయ్య ఒక్క మాటకు ఒక్క మాటే చెప్పుకుంట, గుడిల కూసున్నోని తీరు కూసున్నడు. బీరన్న అసలే తక్కువ మాట్లాడే మనిషి. ఎదుటోడు చెప్పింది నమ్ముతడు. అబద్ధమాడనీకి ఎవనికి మాత్రం ఏం అక్కర అని ఆయన లెక్క. మంచి మనిషి. ఆ మంచితనంతోనే ఒక మాట అడిగిండు.

"ఎన్నడన్న ఊరు దాటి దూరం పోయినవా బావా?"

వికారాబాదు దాక పోయిన అన్నడు బిచ్చయ్య. అంతే అన్నడు. చాయ తాగిండు. సాసరు కింద పెట్టిండు. మళ్ల ఎత్తిండు. బిడ్డకు కన్ను నొస్తే దవాఖానల చూపెట్టనీకి పోయినమని, అక్కడ డాక్టరు దొర కొడుకు దగ్గుతుంటే మేకపాలు మంచియని తానే పిండి ఇచ్చిన అని చెప్పిండు. ఇంతవరకు నిజమే. ఆరు దినాలు పాలు పిండి ఇచ్చిండు, యోబు కండ్లార చూసిండు. అక్కడ ఆగితే అయిపోవు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా బావా, అన్నడు బిచ్చయ్య.

యోబు గిచ్చిండు. బిచ్చయ్య మోకాలు జరుపుకొని చెప్పుకుంట పోయిండు. ఏమైందంటే దొర వాళ్ల దేశం పోవాల్సొచ్చిందట, పిల్లగాడు ఈ మేకపాలు తప్ప వేరేటియి ముట్టడాయె, ఓడ మీద మేకలను ఎవరు చూడాలె, దొరసాని వచ్చి బుగ్గమ్మ చేతులు పట్టుకున్నదట, అమ్మా మీరు రాకుంటే నా కొడుకు దక్కడన్నదట, ఇంక ఏం చేస్తడు, నాలుగు మేకలు, బుగ్గమ్మ, శంకరమ్మ, అత్త కాశమ్మ, అందరిని తీసుకొని బొంబాయిల ఓడ ఎక్కిండట. అత్తను ఎందుకు తీసుకపోయినవంటే, ఇంట్ల ఇడిసిపోతే పక్కింటోళ్లతోని కొట్లాడుతదని.

టాంగా నర్సప్ప బండి ఆపి చాయకొచ్చి నిలవడ్డడు. సముద్రం మీద మేకలకు గడ్డి యాడిదని అడిగిండు. సముద్రంల గడ్డి ఉంటది, ఉప్పగ ఉంటది, అందుకే పాలల్ల ఉప్పు ఎయ్యాల్సిన పని వడలే అన్నడు బిచ్చయ్య. పాలల్ల ఉప్పెందుకని నర్సప్ప అడగలే. అడిగితే దానికీ జవాబుంటదని ఆయనకు తెలుసు.

యోబు రెండోసారి గట్టిగ గిచ్చిండు. బిచ్చయ్య లేచి చెయ్యి అందని తావుల నిలవడ్డడు. నిలవడ్డంక చేతులు గూడ మాట్లాడుడు మొదలువెట్టినయి.

నలభై దినాలకు ఓడ దిగితే ఆండీసు అని కొండల వరుస కనవడ్డదట. అనంతగిరి గుట్టలు తెలుసు గదా బావా, అవి దాని ముందట చీమల పుట్టలు. ఆ కొండలన్ని మంచు. మంచంటే మన చలికాలం పొద్దుగాల పడే మంచు గాదు, పొయ్యిల బూడిద తీరు మెత్తగ, ఉప్పు తీరు తెల్లగ, మోకాలు దిగవడేటంత. బాట లేదు, ఊరు లేదు, నీళ్లడగనీకి ఒక ఇల్లు లేదు. అక్కడి మనుషులు నిలువెత్తు పలకలు కాళ్లకు కట్టుకుంటరు, చేతులల్ల చెరొక కట్టె పట్టుకుంటరు, ఈపులకు మూటలు కట్టుకొని పొద్దంత ఆ కొండ ఎక్కుతరు. ఎందుకంటే పొద్దుగూకంగ ఒక్క గడియసేపు జారి కిందికి రానీకి.

ఈ మాటలు యోబుకు ఎరుకే. ఏడేండ్ల కింద దవాఖాన ముంగట తెల్లబట్ట కట్టి దొర చూపెట్టిన బొమ్మలు అవి. దొర మన దేశం రాకముందు పెండ్లాం పిల్లలతోని ఆ కొండలల్ల తిరిగిండు, ఫోటువలు దీసి గాజు పలకల మీద అచ్చు వేయించిండు. లాంతర్ల గాజులు పెట్టింది యోబే. బిచ్చయ్య ముందు వరుసల కూసొని నోరు తెరుచుకొని చూసిండు. ఇగో, ఇన్నేండ్లకు దొర జాగల తాను నిలవడి, దొరసాని జాగల బుగ్గమ్మను నిలవెట్టి చెప్తున్నడు.

పలకలు కట్టుకొని ఎత్తు ఎక్కుతుంటే ఎనకకు జారవా అని మొగులప్ప అడిగిండు. నిజంగ తెలుసుకోవాలనే అడిగిండు.

బిచ్చయ్య ఆ మాటకే ఎదురుచూస్తున్నడు. జారుతయి, దొర గూడ రెండుసార్లు బొక్కబోర్ల పడ్డడు, అప్పుడు నేను చెప్పిన, దొరా గొర్రె తోలు తెప్పియ్యి, పలక కింద కట్టు, బొచ్చు ఎనకకు మలిగేటట్టు కట్టు, గొర్రె ఈపు మీద చెయ్యి పెట్టి తోక దిక్కు నిమిరితే నున్నగ పోతది, తలకాయ దిక్కు నిమిరితే చెయ్యి ఆగుతది, గట్లనే పలక ముందుకు పోతది ఎనకకు రాదు అన్న, దొర నా కాళ్లు మొక్కబోయిండు, నేనే వద్దన్న. బీరన్న తలకాయ ఊపిండు. గొర్ల కాపరికి ఆ మాట సక్కగనే ఎక్కింది. యోబుకు గూడ ఆ ఒక్కటి బాగనే ఉన్నదనిపిచ్చింది.

మెచ్చుకుంటే ఇంకేమున్నది, బిచ్చయ్యకు రెక్కలొచ్చినయి. మొదటి దినం దొర ఎనక నడిచిండట, రెండో దినం దొర పక్కన, మూడో దినం దొరే బిచ్చయ్య అడుగులల్ల అడుగు ఏసుకుంట వచ్చిండట. అత్త కాశమ్మ పలకలు కట్టుకోను, నా కాళ్లకేం రోగమని అన్నదట, గొంగడి పరుచుకొని దాని మీద కూసొని జారిందట, జారి జారి అందరికన్న ముందు కిందికొచ్చి, ఇంత ఆలస్యమేంది అన్నం చల్లారిపోయిందని అల్లున్ని తిట్టిందట. బుగ్గమ్మ చేసిన జొన్నరొట్టె మంచుకు బిగుసుకొని ఇనుము తీరైతే, దొరసాని పలక ఇరిగినప్పుడు రెండు రొట్టెలు కట్టి పంపిచ్చినరట.

"మరి పిల్ల?" అని అడిగిండు బీరన్న. కోత మొదలైనంక ఆయన నోరు తెరుచుడు అదే మొదలు.

యోబు బిచ్చయ్య దిక్కు చూసి కండ్లతోనే వద్దన్నడు. బిచ్చయ్య చూడలే. చూసినా ఆగే మనిషి గాదు. బిడ్డ పేరు ఎత్తితే ఏ తండ్రి ఆగుతడు? మా శంకరమ్మ సంగతి అడగకు బావా అన్నడు. దాని జోరుకు దొర కొడుకు అందుకోలే, గాలి అందుకోలే, ఆఖరికి దాని నీడ గూడ అందుకోలే. కిందికొచ్చి చూసుకుంటే పిల్లకు నీడ లేదు. నీడ లేని పిల్లను ఎట్ల ఇంటికి తీసుకపోతం, రెండు గంటలు కూసున్నం, అప్పుడొచ్చింది నీడ, రొప్పుకుంట.

నర్సప్ప నవ్వు ఆపుకోలేక టాంగా దిక్కు పోయి గుర్రాన్ని నిమిరిండు. బీరన్న మాత్రం నవ్వలే. పిల్లకు చలి పడ్డదా అని అడిగిండు. చలా, అది చలికే మరిగింది, మంచు మీద ఒట్టి కాళ్లతోని ఆడింది అన్నడు బిచ్చయ్య. ఏం తినేదని అడిగిండు బీరన్న. మంచు మీద తేనె పోసుకొని పొద్దుమాపు అదే తినేది అన్నడు. బీరన్న తన చాయ దిక్కు చూసుకున్నడు. చాయ చల్లారిపోయింది. ఆయన మొఖం గూడ చిన్నవోయింది.

యోబుకు అప్పుడర్థమైంది. తాను ఇంతసేపు తప్పుడు భయం పడ్డడు. బీరన్న ఈ కోతలు ఇని, ఇంత అబద్ధాలకోరుతోని వియ్యమేందని లేచిపోతడని యోబు భయపడ్డడు. బీరన్న అన్నీ నమ్ముతున్నడు. ఒక్కొక్క మాటను మూట కట్టుకుంటున్నడు. నమ్మి ఒక్కొక్క అడుగు ఎనకకు పోతున్నడు. ఇదింకా చెడ్డ. అబద్ధాలకోరును మాఫు చెయ్యొచ్చు. తన కన్న గొప్పోడు అనుకుంటే బీరన్న అసుమంటోడు పిల్లనడగనే అడగడు.

బిచ్చయ్యకు అదేం పట్టలే. ఇప్పుడు మంచు ఇరిగిపడ్డ ముచ్చట్ల ఉన్నడు. కొండ కొసకెల్లి మంచు ఇరిగి మీదికి వస్తున్నదట, తెల్లగ, ధుమధుమ, దొర పిల్లలను కావలించుకొని దేవున్ని తలుచుకుంటున్నడట, బిచ్చయ్య మాత్రం నిలవడి చూసిండట. తెల్లగ, మెత్తగ, ఒకదాన్ని ఒకటి తోసుకుంట వచ్చేది ఏది బావా లోకంల? గొర్ల మంద. అంతకన్న ఏమున్నది. నోట్ల రెండు వేళ్లు పెట్టి ఈల ఏసిన, గొంగడి ఇసిరిన, ముందు మంచు ఆగింది, ఎనక మంచు దాన్ని చూసి మలిగింది, ఒక ఓర నుంచి అదిలిచ్చుకుంట తీసుకపోయి లోయల తోలిన. పొద్దుగాల దాక అక్కడనే ఉన్నది, ఒక్క పెళ్ల గూడ తప్పిపోలే.

హోటల్ల ఉన్నోళ్లందరు నవ్విండ్రు. బీరన్న భుజం మీది కండువ తీసి మెడకు చుట్టుకున్నడు.

"ఇప్పటిదాక చెప్పింది ఉత్తదే బావా," అన్నడు బిచ్చయ్య. "అసలుది చెప్పలే."

అసలుదేందంటే, ఆ దేశం మన కాళ్ల కింద, భూమికి అడుగున ఉన్నదట. అక్కడ అంత తలకిందులే. కాళ్లు మీద మంచుకు అంటుకొని ఉంటయి, తలకాయ కిందికి ఏలాడుతుంటది. జారుడంటే కిందికి గాదు, మీదికి. ఎక్కుడంటేనే కిందికి. బిచ్చయ్య పాగ ఊడి ఆకాశంల పడ్డదట, ఇప్పటిదాక దొరకలే. కాశమ్మ ఆకువక్క నమిలి ఉమ్మితే అది గూడ ఆకాశంలనే పడ్డదట. "రోజు పొద్దుగూకంగ పడమట ఎర్రగ కనవడతది సూడు బావా. గది మా అత్త ఉమ్మిందే."

యోబు తల పక్కకు తిప్పుకున్నడు. మిగిలిన కోతలన్ని బిచ్చయ్యవే. ఈ తలకిందుల ముచ్చట మాత్రం బిచ్చయ్యది గాదు.

మోటరు వచ్చి ఆగింది. బీరన్న లేచి చేతులు జోడిచ్చిండు. కోపం లేదు, ఎటకారం లేదు. మీది పెద్ద ఇల్లు బావా అన్నడు. మా తాన ఎండాకాలం నీళ్లకు ఆమడ దూరం పోవాలె, బండలు నిప్పులైతయి, మంచుల తిరిగి తేనె తిన్న పిల్ల మా ఎండకు వాడిపోతది అన్నడు. "పిల్ల ఉసురు నేను పోసుకోలేను. మాకు తగదు బావా."

బిచ్చయ్య నోరు తెరిచిండు. ఇదంత ఉత్తదే బావా అని ఒక్క మాట అంటే అయిపోతుండె. పుట్టినకాడి నుంచి కోసిన ఒక్క కోత గూడ ఎనకకు తీసుకోలే ఆయన, ఎట్ల తీసుకోవాల్నో తెలువదు. మొఖం తెల్లవడ్డది, వాకిట్ల బిడ్డ యాదికొచ్చిందో ఏమో కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బీరన్న నడవవట్టిండు.

యోబు అటిటు చూసిండు. మొగులప్ప ఉన్నడు, నర్సప్ప ఉన్నడు, మోటరు దిగిన మంది ఉన్నరు. ఈ తాండూరుల ఆయనకు గనిల మేస్త్రి అని గాదు, అన్నీ తెలిసినోడని మర్యాద. ఇప్పుడు చెప్తే అది పోతది. చెప్పకుంటే ఆ పిల్ల సంబంధం పోతది. ఏడేండ్ల కింద ఒక కంటికి పట్టీ కట్టుకొని తెల్లబట్ట ముంగట కూసొని, మామా వాళ్లెందుకు తలకిందులున్నరు అని అడిగింది ఈ శంకరమ్మనే.

"బీరన్నా, జర ఆగు," అన్నడు యోబు. "గా కొండలు బిచ్చన్న జూసిండు. నేను గూడ జూసిన. వికారాబాదుల, ఒక తెల్లబట్ట మీద."

బీరన్న ఆగిండు. యోబు దాచుకోకుంట చెప్పిండు. అవి దొర బొమ్మలని, బిచ్చయ్య ఓడ ఎక్కలేదని, ఓడ కాదు గదా బొంబాయి రైలే ఎక్కలేదని చెప్పిండు. ఇంక మిగిలిన మాట చెప్పనీకి జర సేపు పట్టింది.

"లాంతర్ల గాజును తలకిందులు పెడ్తెనే బట్ట మీద సక్కగ కనవడతది. నేను కొత్తోణ్ని, సక్కగ పెట్టిన. నాలుగు బొమ్మలు తలకిందులే పడ్డయి. దొరను గప్పుడే రోగి కాడికి పిలిస్తే పోయిండు, దిద్దేటోడు లేడు. శంకరమ్మ అడిగింది, ఎందుకట్లున్నరని. అంత మందిల తప్పు ఒప్పుకోనీకి సిగ్గయింది. గా దేశం భూమికి అడుగున ఉన్నది, అక్కడ గట్లనే నడుస్తరు అని చెప్పిన. ఏడేండ్ల సంది అదే చెప్తున్న. బిచ్చన్న కోసింది కోతనే గని, ఇత్తనం నాది."

మొగులప్ప చాయ వడగట్టుడు ఆపి చూస్తున్నడు. ఆ తలకిందుల మనుషుల సంగతి ఆయన తన చాయకొచ్చిన రైలు మాస్టరుకు గూడ చెప్పిండు, యోబు పేరు పెట్టి మరీ చెప్పిండు. ఆ మాస్టరు ఎందుకు నవ్విండో ఇప్పుడు తెలిసింది. యోబు తల దించుకున్నడు. సిగ్గయింది, నిజంగ సిగ్గయింది. అయినా ఈపు మీదికెల్లి బండ దించినట్టు గూడ ఉన్నది.

బీరన్న తిరిగొచ్చి బిచ్చయ్య ఎదురుంగ నిలవడ్డడు.

"పిల్ల మరి యాడిదాక పోయింది?"

బిచ్చయ్య నేల దిక్కు చూసుకుంట, వికారాబాదు దాక అన్నడు. ఒకసారి మోమిన్‌పేటకు, మేనత్త ఇంటికి. కొడంగల్ అంగడికి. అంతే.

"ఏం తింటది?"

"జొన్నరొట్టె, పచ్చిపులుసు."

"ఎండల తిరుగుతదా?"

"నా ఎంబడి మంద కాస్తది బావా. చెప్పులు గూడ ఏసుకోదు."

కండక్టరు కేకేసిండు. బీరన్న అటు చూడకనే చెయ్యి ఊపి మోటరును పొమ్మన్నడు. పోయి బెంచి మీద కూలవడి, మెడకు చుట్టుకున్న కండువ ఇప్పి మొఖం తుడుచుకున్నడు.

"నా నెత్తిన పాలు పోసినవు యోబన్నా," అన్నడు. "పిల్ల నాకు వద్దనిపియ్యలే. ఎండాకాలం గా పిల్లకు అంత మంచు యాడికెల్లి తెచ్చి పెట్టాలె అని ఒకటే ఫికర్ పట్టుకున్నది."

బిచ్చయ్య మొఖంల రక్తం మళ్ల తిరిగింది. మంచు యాడ దొరుకుతదో తనకు తెలుసన్నట్టు, ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచిండు. బీరన్న చెయ్యి ఎత్తి ఆపిండు.

"కల్లు నీతోని తాగుత బావా. పెండ్లి మాటలు మా చెల్లె బుగ్గమ్మతోని మాట్లాడుకుంట."